ఏడు సీసాల ఆల్చిప్పలు

ముప్ఫయ్యొక్క ఏళ్లు జంతుశాస్త్రం చెప్పి మొన్న మార్చి ఆఖర్న రిటైరయ్యాను. పర్చూరు దాపున ఒక డిగ్రీ కాలేజీ మాది. చుట్టూ పత్తి, మిరప, పొగాకు. కిటికీలోంచి చూస్తే కనుచూపు మేర నల్లరేగడి. అలాంటి చోట కూర్చుని నేను చెప్పిందేమో సముద్రపు ఒడ్డున పోటుకీ ఆటుకీ మధ్య బతికే జీవుల గురించి. సిలబస్‌లో ఉంది కాబట్టి చెప్పాను. సముద్రం మాకు గంటన్నర బస్సు దూరంలోనే ఉన్నా, మా పిల్లల్లో సగం మంది దాన్ని చూడలేదు కాబట్టి ఇంకాస్త గట్టిగా చెప్పాను.

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ఫోన్ చేసి, "మేడం, మీ అనుభవాలు చెప్పండి" అంటున్నారు. ప్రమోషన్ల సంగతి, ఫైళ్ల సంగతి నన్నడగకండి. రాస్తుంటే నాకే ఆవలింతలొస్తాయి. నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. అది ఇరవై ఏళ్లు గాజు సీసాల్లో, నా పేరుతో సహా, అందరి కళ్ల ముందూ ఉంది. దాని మూలంగా ఒక పిల్ల చదువు ఆగిపోబోయింది.

తినరు, అమ్మరు

మాది పౌరోహిత్యం చేసుకునే ఇల్లు. ఉల్లిపాయ కూడా వంటింటి గడప తొక్కని ఇల్లు. అలాంటి ఇంట్లో పుట్టి ఎండ్రకాయల మీద పాఠాలు చెప్పడానికి బయల్దేరాను. మా నాన్నగారు నా డిగ్రీ పుస్తకాలు తిరగేసి, "బొమ్మల వరకేనా తల్లీ, లేకపోతే..." అని మాట మధ్యలో ఆపేశారు. పూర్తి చేస్తే ఏం వినాల్సొస్తుందోనని ఆయన భయం.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజే వెనక బెంచీ నుంచి ప్రశ్న వచ్చింది. "మేడం, చేపల పులుసు తినకుండా చేపల గురించి ఎట్టా చెప్తారండీ?" క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వేశాను. అప్పుడు నవ్వకుండా మొహం మాడ్చుకుని ఉంటే ఆ ఏడాదంతా నన్ను ఆడుకునేవాళ్లు.

ఆ సంవత్సరమే పిల్లల్ని తీసుకుని చీరాల దాటి వాడరేవు వెళ్లాను. పోటు, ఆటు అన్న మాటలు పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్నే. వాటికో వేళ ఉంటుందన్న సంగతి మాత్రం బుర్రకెక్కలేదు. పొద్దున పదింటికి దిగాం. నీళ్లు ఒడ్డు నిండా ఉన్నాయి. నేను చూపిస్తానన్న జీవులన్నీ ఆ నీళ్ల కింద హాయిగా ఉన్నాయి. నలభై మంది పిల్లలు నా మొహం చూస్తున్నారు, నేను సముద్రం మొహం చూస్తున్నాను.

పక్కనే పోలయ్య అని ఒక చేపలు పట్టే పెద్దాయన వల బాగు చేసుకుంటున్నాడు.

"ఏం ఎతుకుతున్నారమ్మా?" అన్నాడు.

"జీవుల్ని."

"తింటానికా?"

"కాదు."

"మరి అమ్ముకోటానికా?"

"అబ్బే, అదీ కాదు."

"తినరు, అమ్మరు. మరెందుకమ్మా వాటిని పట్టటం?"

ఇరవై ఏళ్ల దాకా ఆ ప్రశ్నకి నా దగ్గర ఒక్క ముక్కలో జవాబు లేదు. నా అవస్థ చూసి ఆయనకే జాలేసింది. "పొద్దునపూట గాదు, మజ్జాన్నం రెండు దాటాక రండి. అది గూడా అమావాస్యకో పున్నానికో రండి. ఆ రోజు నీళ్లు బాగా ఎనక్కి పోతయ్. అప్పుడు కనపడతయ్ మీ జీవులన్నీ" అన్నాడు. నేను యూనివర్సిటీలో రెండేళ్లు చదివిన దానికంటే పనికొచ్చే ముక్క అది.

కార్తీక పౌర్ణమి

మర్నాడే మా ప్రిన్సిపాల్ గారి దగ్గరికెళ్లి అమావాస్యకి బస్సు కావాలన్నాను.

ఆయన కెమిస్ట్రీ మనిషి. సైన్సు మనిషే గానీ టేబుల్ అద్దం కింద పంచాంగం ఉండేది. రాహుకాలంలో సంతకం పెట్టరు. వర్జ్యంలో సెలవు మంజూరు చెయ్యరు. నా మాట విని కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "అమావాస్య నాడు ఆడపిల్లల్ని బస్సెక్కించి సముద్రానికి పంపమంటారా? పురోహితుల ఇంటి ఆడపడుచు, మీ నోట రావలసిన మాటేనా అమ్మా ఇది?"

"సముద్రానికి తిథి తెలుసు గానీ, మంచీ చెడూ తెలియవు కదండీ సార్" అన్నాను.

"పిల్లల తల్లిదండ్రులకి తెలుసమ్మా. పౌర్ణమికి వెళ్లండి. కార్తీక పౌర్ణమికైతే మరీ శ్రేష్ఠం."

అలా మా ఫీల్డ్ ట్రిప్పు కార్తీక పౌర్ణమికి ఖాయమైంది. ఏటా అదే. ఆ రోజు వాడరేవులో ఇసక వేస్తే రాలదు. ట్రాక్టర్ల మీద ఊళ్లకి ఊళ్లే స్నానాలకి దిగుతాయి. జీవుల కోసం మేం గీసుకున్న గీతల మీదుగా పెద్దముత్తైదువలు నడిచి వెళ్లేవాళ్లు. ఇసకలో తవ్వితే ముందు అరటిదొప్ప, తర్వాత వత్తి, ఆ తర్వాత మా అదృష్టం బాగుంటే ఒక పురుగు. డ్రైవరు పన్నెండింటికల్లా హారన్ కొట్టేవాడు. నీరు దిగేది రెండు దాటాక. అంటే సముద్రం తలుపు తీసే వేళకి మేం ఇంటిదారి పట్టేవాళ్లం.

అయినా ఏమాటకామాటే చెప్పుకోవాలి. మా పత్తిచేల పిల్లలకి ఉన్న చూపు ఇంకెవరికీ ఉండదు. ఆకు వెనక పచ్చదోమని లెక్కపెట్టి పెరిగినవాళ్లు. అల వెనక్కి పోతుంటే తోకవైపు నుంచి ఇసకలోకి దూరిపోయే ఉల్లిపాయంత జీవిని నాకంటే ముందు వాళ్లే పట్టుకునేవాళ్లు. పట్టుకున్నాక మాత్రం ప్రతి ఏడాదీ ఒకటే ప్రశ్న. "మేడం, దీనికేం మందు కొట్టాలి?"

నా మ్యూజియం

ఇక నా ఘనకార్యం. చేరిన కొత్తలోనే కాలేజీకి ఇన్‌స్పెక్షన్ వస్తుందన్నారు. మ్యూజియం గదిలో బీరువాలు ఉన్నాయి గానీ లోపల ఒక పాము, రెండు కప్పలు తప్ప ఏమీ లేవు. నేను ఒడ్డున ఏరుకొచ్చిన చిన్న ఆల్చిప్పలు గంపెడు ఉన్నాయి. గోరంత సైజు, మూడు మూలల ఆకారం. తెల్లవి, ఊదావి, గులాబీవి, పసుపువి, గోధుమవి, చారలవి, మచ్చలవి. రంగు ప్రకారం ఏడు కుప్పలు చేసి, ఏడు సీసాల్లో వేసి, చెడిపోకుండా ఫార్మలిన్ ద్రవం పోసి, పుస్తకంలో దొరికిన ఏడు లాటిన్ పేర్లు అంటించాను. ప్రతి చీటీ కింద "గుర్తించినవారు" అని నా పేరు, పేరు పక్కన నా డిగ్రీలు.

వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు. రంగు చూసి క్వింటాలుకి ధర కట్టే ప్రాంతం మాది. రంగు మారితే సరుకు మారినట్టే లెక్క. ఏడు రంగులున్నాయంటే ఏడు జాతులన్న మాట నాతో సహా ఎవరికీ వింతగా అనిపించలేదు. ఒక్క సీసా కంటే ఏడు సీసాలు బీరువాకి నిండుగా ఉంటాయన్న సంగతి కూడా నా మనసులో లేకపోలేదు. ఆ తర్వాత ఇరవై బ్యాచుల పిల్లలు ఆ పేర్లు బట్టీపట్టి నాకు అప్పజెప్పారు. నేను టిక్కులు పెట్టాను.

కొత్తగా చేరినవాళ్లకి ఇక్కడ ఒక మాట. మీరు మొదటి ఏడాదిలో రాసిన చీటీలని పదేళ్లకోసారైనా మళ్లీ చదవండి. మొదటి ఏడాది మనకి ఎంత తక్కువ తెలుసో మన చీటీలకి తెలియదు.

మస్తాన్‌బీ రికార్డు

నా ఉద్యోగం ఇరవయ్యో ఏడు దాటాక మస్తాన్‌బీ వచ్చింది. బక్కపలచని పిల్ల. మాట్లాడటం తక్కువ. వాళ్లమ్మ ఖాసింబీ మిరప కల్లాల్లో కాయలు ఏరే పనికి వెళ్తుంది. కోసిన కాయలు ఎండబెట్టే జాగాని కల్లం అంటారు మా వైపు. అక్కడ కూర్చుని మంచికాయ వేరు, రంగు పోయిన తాలుకాయ వేరు చెయ్యడం ఆవిడ పని. సెలవుల్లో మస్తాన్‌బీ కూడా వెళ్లేది.

ఆఖరి సంవత్సరం పిల్లలు ఒక్కొక్కరు ఒక జీవిని తీసుకుని రికార్డు రాయాలి. ఈ పిల్ల ఆల్చిప్పల్ని తీసుకుంది. కార్తీక పౌర్ణమికి జనం కాళ్ల మధ్య నుంచి ఓ తువాలు నిండా ఏరుకుని ఇంటికి పట్టుకెళ్లింది. మాఘమాసంలో రికార్డు నా టేబుల్ మీదికి వచ్చింది. అందులో ఇలా ఉంది: "రంగులు ఏడు రకాలుగా కనిపించినా, రెండు చిప్పలు కలిసే కీలు దగ్గర పళ్లు అన్నిటికీ ఒకే తీరుగా ఉన్నాయి. కాబట్టి ఇవన్నీ ఒకే జాతి అని నా అభిప్రాయం."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎర్రసిరా పెన్ను తీసి పక్కన రాశాను: "అభిప్రాయాలు అక్కర్లేదు. మ్యూజియం చూడుము." ఆ "చూడుము" తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రికార్డుకి సగం మార్కులు కోసేశాను.

మర్నాడు వచ్చి నా టేబుల్ ముందు నిలబడింది.

"మేడం, కీలు చూశారా?"

"చూడాల్సిన అవసరం లేదమ్మా. ఇరవై ఏళ్ల నుంచి సీసాల్లో ఉన్నాయి."

"సీసాలో చిప్పలకి పళ్లు లేవు మేడం. అరిగిపోయినయ్."

"ఇవి మిరపకాయలు కాదు, ఏరి కుప్పపోయడానికి" అన్నాను. ఎవరి బతుకు దేనిమీద ఉందో తెలిసి కూడా ఆ మాట అన్నాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆ పూటే మార్కుల షీటు ప్రిన్సిపాల్ గారికి ఇచ్చాను. ఆయన కవర్లో పెట్టి, లక్క సీలు వేసి, బీరువాలో పెట్టారు. యూనివర్సిటీకి మనిషిని పంపాలి.

కొంగున కట్టి తెచ్చిన కాయలు

శివరాత్రికి ముందు రోజు ఖాసింబీ స్టాఫ్ రూముకి వచ్చింది. పని మధ్యలో వచ్చినట్టుంది, చేతులింకా ఎర్రగానే ఉన్నాయి.

"నమస్తే మేడం గారూ. మస్తాన్‌బీ వాళ్లమ్మనండి." కూర్చోమన్నా కూర్చోలేదు. కొంగు ముడి విప్పి గుప్పెడు మిరపకాయలు నా టేబుల్ మీద పోసింది. స్టాఫ్ రూములో ముగ్గురు తుమ్మారు. "మీరేం అనుకోకపోతే, ఇయ్యి కాస్త ఏరి పెట్టండి మేడం గారూ. రకానికో కుప్ప."

ఏదో పంతం మీద ఏరాను. ఎర్రవి ఒక కుప్ప, నల్లబారినవి ఒక కుప్ప, తెల్లబోయినవి ఒక కుప్ప. మూడు కుప్పలు చేసి, "ఇదిగో" అన్నాను.

ఆవిడ నవ్వింది. ఎకసెక్కంగా కాదు, చిన్నపిల్ల మొదటి ముగ్గు వేస్తే నవ్వినట్టు. "కల్లంలో మొదటి రోజు అందరూ ఇట్టాగే ఏరతారండీ. ఈ మూడు కుప్పలూ ఒకే చెట్టుయ్యి. నా చేత్తో కోసుకొచ్చా. ఎండ బాగా తగిలింది ఎర్రగా ఉంది. మంచు పట్టింది తెల్లబోయింది. అడుగునబడి మగ్గింది నల్లబడింది. రంగు ఇయ్యాల ఉంటది, రేపు పోద్ది. రకం తెలియాలంటే తొడిమ చూడాలండి, తొడిమ కింద టోపీ చూడాల. అది మారదు."

"మరి రంగు చూసేగా కల్లంలో మీరు వేరు చేసేది?"

"అది కొనేవోళ్ల కోసమండి. రకం తెలుసుకోటానిక్కాదు."

మాట తోచనప్పుడు మనవాళ్లు చేసే పనే నేనూ చేశాను, గొంతు పెంచాను. "చూడు ఖాసింబీ, మిరపకాయలు వేరు, సముద్రపు జీవులు వేరు."

"అంతేనండి. నేను సముద్రం చూళ్లేదు, నాకేం తెలుసుద్ది. మా ఇంట్లో ఒక మాట అనుకున్నాం. ఫస్టు క్లాసొస్తే పీజీకి పంపుదామని, రాకపోతే నాతోబాటు కల్లానికొచ్చుద్దని. మీరు కోసిన మార్కులతో ఫస్టు క్లాసు పోయిద్దంట. పోతే పాయె, దానికి కల్లం కొత్తా? తప్పు రాసి పోగొట్టుకుంటే నేనేం అననండి. ఒప్పు రాసి పోగొట్టుకోగూడదు గదా మేడం గారూ?"

దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. మూడు కుప్పలూ నా టేబుల్ మీదే వదిలేసి వెళ్లింది.

ఖాళీ బస్సు

శివరాత్రికి ఉపవాసమైతే ఉన్నాను గానీ మనసు శివుడి మీద లేదు, తొడిమ మీద ఉంది. సెలవైనా కాలేజీకి వెళ్లి, బీరువా తీసి సీసాల్లో చిప్పలు చూశాను. ఆ పిల్ల చెప్పింది నిజమే. ఇరవై ఏళ్లు ఫార్మలిన్‌లో నాని కీళ్ల దగ్గర పళ్లన్నీ కరిగి నున్నబడిపోయాయి. సున్నపు చిప్పల్ని ఫార్మలిన్‌లో వెయ్యకూడదని పాఠం చెప్పేదాన్నీ నేనే, వేసిందాన్నీ నేనే. కొత్త చిప్పలు కావాలి. బతికున్నవి, రెండు చిప్పలూ విడిపోనివి కావాలి. మర్నాడు అమావాస్య.

భూతద్దం సంచీలో వేసుకుని మర్నాడు బస్సెక్కాను. బస్సులో నేను, డ్రైవరు, కండక్టరు, ఇంకో ఇద్దరు. చీరాల బస్సులో కిటికీ పక్క సీటు దొరకాలంటే అమావాస్యే రావాలి.

వాడరేవులో దిగేసరికి రెండున్నర. నేనలా నిలబడిపోయాను. ఇరవై ఏళ్లుగా ఏటా వస్తున్న ఒడ్డేనా ఇది? నీళ్లు ఎక్కడో దూరంగా వెళ్లి కూర్చున్నాయి. తడి ఇసక నిగనిగలాడుతోంది. మనుషులు లేరు, దీపాలు లేవు, అరటిదొప్పల్లేవు. పైన పొడి ఇసకలో రావణాసురుడి మీసాలనే గడ్డి కంకులు బంతుల్లా దొర్లుతున్నాయి. దాని కిందుగా ఎండ్రకాయలు బొరియల నుంచి ఇసక ఉండలు చేసి బయట పెడుతున్నాయి. నా నీడ పడేసరికి అన్నీ ఒక్కసారే లోపలికి. ఇంకా కిందికి వెళ్తే ఇసక పురుగులు విసర్జించిన సేమియా పోగులు. నీళ్ల అంచున, అల వెనక్కి తీసిన ప్రతిసారీ, వందల ఆల్చిప్పలు నిలువుగా లేచి, నాలుకలాంటి పాదం చాపి మళ్లీ ఇసకలోకి దిగిపోతున్నాయి. నేను పిచ్చిదాన్లా చీర కుచ్చిళ్లు ఎగదోపి మోకాళ్ల మీద కూర్చున్నాను.

ఒక్క దోసిలి తవ్వితే ఏడు రంగులూ వచ్చాయి. ఏడు జాతులైతే ఒక్క దోసిట్లో, ఒకే లోతులో, ఒకేలా ఎందుకుంటాయి? చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చినవాటిని ఏరుకుని నేను కుప్పలు పోశాను గానీ, బతికుండగా ఇవి ఎలా ఉంటాయో నేనెప్పుడూ చూడలేదు. భూతద్దం పెట్టి కీలు చూశాను. తెల్లదాన్ని చూశాను, ఊదాదాన్ని చూశాను, చారలదాన్ని చూశాను. పళ్లు ఒకటే. అప్పుడు దొరికిందొకటి. కీలు దగ్గర, అంటే అది పుట్టిన చోట, తెల్లగా ఉంది. పెరుగుతూ పెరుగుతూ అంచు దగ్గరకొచ్చేసరికి ఊదాగా మారింది. నా లెక్క ప్రకారం అది మొదటి సీసాలో పుట్టి రెండో సీసాలో పెరిగిందన్నమాట.

పోలయ్య అప్పటికి బాగా ముసలివాడయ్యాడు. దూరం నుంచే గుర్తుపట్టి వచ్చాడు. "ఏమ్మా, ఇయ్యాలైనా దొరికినయ్యా?"

"దొరికాయి పోలయ్యా. ఏడు రకాలనుకున్నాను, ఒకటేనట."

"ఆఁ, అది ఒకటేగదా!" అన్నాడు ఆశ్చర్యంగా. "అడిగితే నేనే చెప్పేవోణ్ణిగా!"

నిజమే. ఇరవై ఏళ్లలో ఆయన్ని ఒక్కసారీ అడగలేదు. ఇసకలో కూర్చుని నవ్వాను, ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది. ఆ పిల్లని మిరపకాయలని దెప్పాను కదా, అదీ నా ఏడుపు. వెంటనే కవరు సంగతి గుర్తొచ్చింది. శివరాత్రి సెలవు నిన్నటితో అయిపోయింది. ఈపాటికి కవరు యూనివర్సిటీకి వెళ్లిపోయే ఉంటుంది. వెళ్లిందంటే ఇక దాన్ని వెనక్కి తెప్పించడం నా తరం కాదు.

విదియ దాకా

చెంగు తడిగానే ఉంది, కాళ్ల నిండా ఇసక. కాలేజీ గేటు దగ్గర ప్రిన్సిపాల్ గారు బయటికి వస్తూ కనిపించారు.

"సార్! మార్కుల కవరు వెళ్లిపోయిందా?"

ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశారు. "ఇవాళ ఏమిటమ్మా?"

"అమావాస్య."

"అమావాస్య నాడు నేను కవరు పంపుతానా?"

నేను అక్కడే గేటు పట్టుకుని నిలబడిపోయాను. ఇరవై ఏళ్లు ఏ పంచాంగాన్నైతే స్టాఫ్ రూములో కూర్చుని వెక్కిరించానో, ఆ పంచాంగమే ఆ పిల్లని కాపాడింది. ఆ రోజు ఆయనతో మళ్లీ గదిలోకి వెళ్లి, టేబుల్ అద్దం కింద ఉన్న దానికి నిజంగానే దణ్ణం పెట్టాను. సార్ చూడకుండా.

సంగతంతా చెప్పి, ఇప్పుడే సీలు తీద్దామన్నాను.

"అమావాస్య నాడు సీలు తీస్తారా ఎక్కడన్నా? రేపు పాడ్యమి, అదీ బాగాలేదు. ఎల్లుండి విదియ, పదిన్నర తర్వాత దివ్యంగా ఉంది. తప్పు నాదేనని మీరు రాసిస్తే తీద్దాం." అన్నారు. "కానీ అమ్మా, ఆలోచించుకోండి. ఆ కాగితం మీ ఫైల్లో ఉండిపోతుంది. ఇరవై బ్యాచులకి తప్పు చెప్పానని మీ చేత్తో మీరే రాసినట్టు. ఒక్క పిల్ల కోసం."

ఆ రెండు రోజులూ చెడ్డ రోజులు. తిథి సంగతి కాదు నేననేది. మనిషికి ఆలోచించుకునే టైం దొరికితే ఎన్ని దార్లు కనపడతాయో అప్పుడు తెలిసింది. మార్కులు కూడటంలో పొరపాటని రాస్తే సరిపోతుంది కదా, సీసాల సంగతి ఎందుకు? ఎవరికి తెలుస్తుంది? పాడ్యమి సాయంత్రానికి అలాంటి ఉత్తరం ఒకటి రాసి మడతపెట్టుకున్నాను కూడా. పరువు పిచ్చి అంత తేలిగ్గా వదలదు.

విదియ పొద్దున స్టాఫ్ రూములో నా టేబుల్ మీద ఆ మూడు కుప్పలు అలాగే ఉన్నాయి. నాలుగు రోజుల్లో ఎర్రవి కూడా కాస్త వన్నె తగ్గాయి. మడత ఉత్తరం చింపేసి ఇంకోటి రాశాను: "ఈ విద్యార్థిని రాసింది ఒప్పు. ఇరవై సంవత్సరాలుగా నేను చెబుతున్నది తప్పు."

సార్ అది రెండుసార్లు చదివారు. భూతద్దం అడిగి తీసుకుని, నేను తెచ్చిన చిప్పల కీళ్లు ఒక్కొక్కటీ చూశారు. కెమిస్ట్రీ మనిషి, అంతసేపు చూస్తారనుకోలేదు. "పళ్లు ఒకటేనమ్మా" అన్నారు. నా సంతకం కింద "నేనూ చూశాను" అని రాసి, గడియారం చూసి, పదిన్నర దాటాక సీలు తీశారు. ఇప్పుడాయన లేరు. ఆయన మూఢనమ్మకాల మీద నేను చెప్పిన జోకులన్నీ వెనక్కి తీసుకోను, బాగున్నాయవి. కానీ ఆ "నేనూ చూశాను" అని రాయగలిగిన పైవాళ్లు నాకు మళ్లీ దొరకలేదు.

ఒక్క సీసా

మస్తాన్‌బీకి ఫస్టు క్లాసు వచ్చింది. రిజల్టు వచ్చిన రోజు మిఠాయితో వచ్చింది. మ్యూజియం గదికి తీసుకెళ్లి, "అమ్మా, నిన్ను ఆ మాట అనాల్సింది కాదు. తప్పయింది" అన్నాను. ఆ పిల్ల గాభరాపడి, "అయ్యో, అట్టా అనకండి మేడం" అని, బీరువా వైపు చూసి మెల్లిగా అడిగింది. "మరి సీసాలు?"

చూశారా, మార్కులు వచ్చినా సీసాలు మర్చిపోలేదు. అన్నీ తనకే ఇచ్చాను. ఏడు సీసాల్లో ఫార్మలిన్ వంపేసి, కడిగి, నేల మీద పేపరు పరిచి చిప్పలన్నీ గుమ్మరించి, అరచేత్తో ఒక్కటిగా కలిపేసి, ఒకే పెద్ద సీసాలో పోసింది. ఈసారి ఫార్మలిన్ లేకుండా. కల్లంలో కాయలు ఏరడమే గానీ, ఏరినవాటిని మళ్లీ కలపడం ఆ పిల్ల జీవితంలో అదే మొదటిసారి అయ్యుంటుంది.

చీటీ రాయమన్నాను. పేరు రాసింది, ఊరు రాసింది, "గుర్తించినవారు" దగ్గర పెన్ను ఆగింది.

"నీ పేరే రాయి" అన్నాను.

"మేడం, మా అమ్మ పేరు రాయనా? ఇంట్లో నేను రంగుల ప్రకారం ఏరుతుంటే, తొడిమ చూడమని చెప్పింది అమ్మే."

తలూపాను.

తర్వాతి అమావాస్యకి తల్లీకూతుళ్లని వాడరేవు తీసుకెళ్లాను. ఖాసింబీ మొదటిసారి సముద్రం చూడటం. అలల్ని కాసేపు చూసి, తడి ఇసక మీదికి దిగి, ఒక చిప్పని తీసి తిరగేసి కీలు చూసింది. పోటు రోజుకి రెండుసార్లు వస్తుందని నేను చెబితే, అటూ ఇటూ కలయజూసి, "ఇది గూడా కల్లమే గదండీ. మేం కాయలు తిరగేసినట్టు రోజుకి రెండుసార్లు తిరగేస్తున్నారు" అంది. పోలయ్య ఆవిణ్ణి అడిగాడు, "ఏమ్మా, తింటానికా, అమ్ముకోటానికా?" అని. ఆవిడ తడుముకోలేదు. "ఊరికే చూద్దామని వచ్చానయ్యా" అంది. ఇరవై ఏళ్లు నేను వెతుక్కున్న జవాబు అదే.

మస్తాన్‌బీ పీజీ చేసి, ఇప్పుడు రొయ్యపిల్లల్ని పెంచే హేచరీలో ల్యాబు చూస్తోంది. అమావాస్యకి ముందు రోజు ఫోన్ చేస్తుంది, "మేడం, రేపు వస్తున్నారా?" అని. వెళ్తూనే ఉంటాను.

రిటైరయ్యే వారం మ్యూజియం తాళాలు కొత్త లెక్చరర్‌కి అప్పజెప్పాను. చురుకైన కుర్రాడు, పీహెచ్‌డీ చేశాడు. స్టాకు పుస్తకం చూసుకుంటూ, "మేడం, ఆల్చిప్పలు ఏడు సీసాలని ఉంది. ఒకటే కనపడుతోంది. మిగతా ఆరూ ఏవి?" అన్నాడు.

"అవి ఎప్పుడూ లేవు నాయనా."

అయోమయంగా చూసి, ఉన్న సీసాని చేతిలోకి తీసుకున్నాడు. చీటీ చదివాడు. "గుర్తించినవారు, షేక్ ఖాసింబీ. ఈవిడ పేరు ఎప్పుడూ వినలేదే. ఏ యూనివర్సిటీ మేడం?"

"మిరప కల్లం. ఇప్పుడు కాయలు ఏరే రోజులే, ఆవిడ అక్కడే ఉంటుంది. రేపెళ్లి ఒక కుప్ప ఏరి చూపించు. రుమాలు తీసుకెళ్లు, తుమ్ములొస్తాయి" అన్నాను.